ఒక చేత దీపం.. మరో చేత లెక్కల పుస్తకం

ఆస్పత్రికి మంచి పేరు దేనితో వస్తుంది? భవనంతోనా, యంత్రాలతోనా, డాక్టర్ హస్తవాసితోనా? నూట అరవై ఏళ్ల కిందటే ఈ ప్రశ్న వేసి, జవాబు కోసం జీవితమంతా లెక్కలు వేసిన మహిళ ఫ్లోరెన్స్ నైటింగేల్. నర్సుల తల్లిగా ఆమె అందరికీ తెలుసు. ఇవాళ ఆస్పత్రులకు ఇస్తున్న నాణ్యతా గుర్తింపుల వెనక కూడా ఆమె శ్రమ ఉందన్నది తక్కువ మందికి తెలిసిన సంగతి.

ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంలో యమధర్మరాజుకూ గుడి ఉంది. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదని మన పెద్దలు చెబుతారు. జబ్బు చేసిన మనిషిని తీసుకుని జగిత్యాలకో, కోరుట్లకో, సిరిసిల్లకో బయల్దేరే కుటుంబం దవాఖాన మెట్లెక్కేటప్పుడు కోరుకునేదీ అదే. కానీ ఏ దవాఖానకు వెళ్లాలన్నది ఎలా తేల్చుకుంటాం? పక్కింటివాళ్ల మాట, బంధువుల అనుభవం, బయటి బోర్డు.. చాలాసార్లు ఇంతే. ఈ మధ్య సర్కారు దవాఖానల విషయంలో కాయకల్ప, ఎన్‌క్వాస్, లక్ష్య అనే పేర్లు వినిపిస్తున్నాయి. ఆ గుర్తింపు పత్రాలు అసలు ఏం చెబుతాయో తెలియాలంటే నైటింగేల్ కథ తెలుసుకోవాలి.

లెక్కలంటే ప్రాణం

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఆమె పుట్టారు. ఊరి పేరే ఆమె పేరైంది. తల్లిదండ్రులు సంపన్న ఆంగ్లేయులు. తండ్రి విలియం ఇద్దరు కూతుళ్లకూ ఇంట్లోనే చదువు చెప్పారు. ఫ్లోరెన్స్‌కు గణితం మీద మనసు పడింది. ఆ రోజుల్లో ఆ స్థాయి ఇళ్ల ఆడపిల్లలకు పెళ్లి తప్ప మరో దారి లేదు. నర్సు పని అంటే పేదవాళ్లు, చదువులేనివాళ్లు చేసేదన్న చిన్నచూపు ఉండేది. ఆమె అదే చేస్తానంటే ఇంట్లో ఏళ్ల తరబడి గొడవ నడిచింది. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్‌లో మహిళల కోసం నడిచే ఒక చిన్న ఆస్పత్రికి పర్యవేక్షకురాలయ్యారు.

మరుసటి ఏడాదే క్రిమియా యుద్ధం తీవ్రమైంది. గాయపడిన సైనికులను పట్టించుకునే దిక్కు లేదని పత్రికలు రాయడంతో ఇంగ్లండ్‌లో అలజడి రేగింది. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరిక మేరకు ఆమె 38 మంది నర్సులతో బయల్దేరి, 1854 నవంబరు మొదటి వారంలో ఇస్తాంబుల్ దగ్గర స్కుటారీలోని సైనిక ఆస్పత్రికి చేరుకున్నారు.

దీపం చూడని నిజం

స్కుటారీ ఆస్పత్రి నిజానికి పాత సైనిక బ్యారక్. వరండాల నిండా రోగులు. సబ్బు లేదు, దుప్పట్లు లేవు, మంచి తిండి లేదు. ఆమె వంటగది పెట్టించారు, బట్టలు ఉతికే ఏర్పాటు చేయించారు, రాత్రిళ్లు దీపం పట్టుకుని వార్డులన్నీ తిరిగారు. ఆ బొమ్మ పత్రికలో అచ్చై, ఆమెను దేశమంతా దేవతలా చూడటం మొదలుపెట్టింది.

కానీ చావులు ఆగలేదు. ఆ చలికాలంలో పెరిగాయి కూడా. 1855 ఫిబ్రవరిలో మరణాల రేటు 42 శాతం దాటింది. చాలామందిని చంపింది తూటాలు కాదు, విరేచనాలు, కలరా, టైఫస్ వంటి జబ్బులు. మార్చిలో ప్రభుత్వం ఒక శానిటరీ కమిషన్‌ను పంపింది. ఆ బృందం చూసిన దృశ్యం భయంకరం. భవనం కింద మురుగు కాల్వలు పూడిపోయి ఉన్నాయి. నీరొచ్చే కాల్వలో చచ్చిన గుర్రం కళేబరం దొరికింది. కాల్వలు కడిగించి, చెత్త ఎత్తించి, గాలి ఆడేలా చేసి, గోడలకు సున్నం కొట్టించారు. జూన్ నాటికి మరణాల రేటు రెండు శాతానికి దిగింది.

యుద్ధం ముగిసి 1856లో ఇంటికి తిరిగొచ్చాక ఆమె గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కూర్చుని లెక్కలు తీశారు. యుద్ధకాలంలో ఆమె ఎక్కువగా తిండి, బట్టలు, మందుల కొరత గురించే ఆందోళన పడ్డారు. లెక్కలు వేరే సంగతి చెప్పాయి. యుద్ధభూమికి దగ్గర్లో అరకొర వసతులతో నడిచిన ఆస్పత్రుల కన్నా తాను పనిచేసిన స్కుటారీలోనే చావులు ఎక్కువ. సైనికులను ఎక్కువగా చంపింది మురుగు, గాలి ఆడని గదులు, కిక్కిరిసిన వార్డులు. దేశమంతా తనను కీర్తిస్తున్న సమయంలో ఆమె చేతికొచ్చిన లెక్క ఇది.

దాన్ని దాచుకుంటే అడిగేవాళ్లు లేరు. ఆమె దాచలేదు. 1858లో ఆ మరణాలను రంగుల చక్రాల రూపంలో అచ్చు వేయించి, మంత్రులకూ అధికారులకూ పంపారు. అంకెలు చదవని వాళ్లకు కూడా ఒక్క చూపులో అర్థం కావాలన్నది ఆమె ఉద్దేశం. లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమే.

అన్ని ఆస్పత్రులకూ ఒకటే ఫారం

యుద్ధంలో పట్టుకున్న జ్వరం ఆమెను వదల్లేదు. 1857 నుంచి ఏళ్ల తరబడి మంచం మీదే ఎక్కువ కాలం గడిచింది. పనిమాత్రం ఆగలేదు. 1859లో ఆస్పత్రుల గురించి ఒక పుస్తకం రాశారు. ఆస్పత్రి చేయాల్సిన మొట్టమొదటి పని రోగికి కొత్త హాని చేయకపోవడమేనన్నది అందులోని ప్రధాన విషయం. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది.

అదే ఏడాది లండన్‌లో అంతర్జాతీయ గణాంక మహాసభ జరిగింది. ఆస్పత్రులన్నీ ఒకే తరహా ఫారంలో వివరాలు నమోదు చేయాలన్న ఆమె ప్రతిపాదన ఆ సభ ముందుకొచ్చి ఆమోదం పొందింది. ఏడాది మొదట్లో ఎంతమంది రోగులున్నారు, కొత్తగా ఎంతమంది చేరారు, ఎంతమందికి నయమైంది, నయం కాకుండానే ఎంతమంది వెళ్లిపోయారు, ఎంతమంది చనిపోయారు, సగటున ఎన్ని రోజులు ఉన్నారు.. ఇలా ఉండేవి ఆ గడులు.

వీటిలో నయం కాకుండా వెళ్లిపోయినవాళ్ల గడి చాలా ముఖ్యమైనది. ప్రాణం మీదికి వచ్చిన రోగిని ఇంటికి తీసుకుపొమ్మంటే ఆ మరణం ఆస్పత్రి లెక్కలోకి రాదు. ఆ గడి ఉంటే ఆ దాపరికం కుదరదు. లండన్‌లో కొన్ని ఆస్పత్రులు ఈ ఫారాలు వాడాయి. కానీ వ్యాధుల వర్గీకరణ మీద డాక్టర్లకు పేచీ వచ్చింది, నింపడానికీ అవి పెద్ద పని అనిపించాయి. కొన్నేళ్లకే మూలన పడ్డాయి.

తొంభై దగ్గర తగువు

1863లో ఆస్పత్రుల పుస్తకాన్ని సవరించి అచ్చువేసినప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఇంగ్లండ్‌లోని 106 ఆస్పత్రుల పట్టిక అందులో ఉంది. ఫార్ వేసిన లెక్క ప్రకారం లండన్‌లోని 24 ఆస్పత్రుల్లో మరణాలు 90 శాతానికి పైనే! పట్నాల, పల్లెల ఆస్పత్రుల్లో అంతకన్నా చాలా తక్కువ. లండన్ డాక్టర్లు మండిపడ్డారు. తమ దగ్గర చేరిన పదిమందిలో తొమ్మిది మంది చనిపోతున్నట్టు జనం అనుకోరా అని వాళ్ల ప్రశ్న.

ఇక్కడ డాక్టర్ల వాదనలో న్యాయం ఉంది. ఏడాది మొత్తంలో చనిపోయినవాళ్లను, ఒక్క రోజున మంచాల మీదున్న రోగుల సంఖ్యతో భాగించారు. ఒక మంచం మీద ఏడాదిలో చాలామంది పడుకుని లేచి వెళతారు. చేరిన వాళ్లందరినీ లెక్కలోకి తీసుకుంటే ఆ శాతం ఎంతో తగ్గుతుంది. పైగా పెద్ద ఊళ్లోని పెద్దాస్పత్రికి ప్రాణాపాయంలో ఉన్నవాళ్లే ఎక్కువగా వస్తారు.

ఈ తగువు నేటికీ పాఠమే. సిరిసిల్ల నుంచో, ధర్మపురి నుంచో పరిస్థితి విషమించిన రోగిని కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పంపిస్తారు. అక్కడ చావులు ఎక్కువ కనిపించినంత మాత్రాన అది చెడ్డ ఆస్పత్రి కాదు. జ్వరాలు, దగ్గులు చూసే చిన్న దవాఖానలో చావులు లేనంత మాత్రాన అది గొప్పదీ కాదు. అంకెతో పాటు ఎలాంటి రోగులు వచ్చారన్నదీ చూడాలి.

సొంత వార్డుకే తాళం

1860ల తొలినాళ్లలో ఆమె పేరిట ఏర్పడిన నిధితో లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో మంత్రసానుల శిక్షణ కోసం ఒక కాన్పుల వార్డు మొదలైంది. కొన్నేళ్లకు అక్కడ బాలింత జ్వరంతో తల్లులు చనిపోవడం ఎక్కువైంది. 1867లో ఆ వార్డును మూసేశారు. ఆమె అంతటితో వదిలేయలేదు. దేశదేశాల కాన్పుల లెక్కలు తెప్పించి 1871లో పుస్తకంగా తెచ్చారు. అప్పట్లో ఇంట్లో పురుడు పోసుకున్నవాళ్ల కన్నా ఆస్పత్రుల్లో పోసుకున్న తల్లులే ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోతున్నారని తేలింది.

అది చేతులు కడుక్కోవడం, పరికరాలు శుభ్రం చేయడం అలవాటు కాని కాలమని మరిచిపోవద్దు. ఇవాళ తల్లీబిడ్డలకు ఆస్పత్రి కాన్పే క్షేమం. అయితే లెక్క చూసుకోవాల్సిన అవసరం ఇప్పటికీ తీరలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో ఇదే ఎక్కువ. మొత్తం జనాభాలో ఈ ఆపరేషన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారాల్లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అవసరమైనప్పుడు సిజేరియన్ ప్రాణాలు కాపాడుతుంది. అవసరం ఏమిటని అడిగే హక్కు మాత్రం ప్రతి కుటుంబానికీ ఉంది.

గోదావరి దాకా

ఆమె భారతదేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా నలభై ఏళ్ల పాటు మన దేశం గురించి రాస్తూనే ఉన్నారు. ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళి పంపి, వచ్చిన జవాబులను జల్లెడ పట్టారు. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక తేల్చింది. మంచినీళ్లు, మురుగు కాల్వలు, బ్యారక్‌లు బాగుపడ్డాక పదేళ్లలో అది 18కి తగ్గిందని ఆమె నమోదు చేశారు.

క్రమంగా ఆమె చూపు సైన్యం నుంచి రైతుల మీదికి మళ్లింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపారు. ధర్మపురి దాటి వెళ్లే గోదారే అక్కడ డెల్టాను తడుపుతుంది. 1876-78 కరవు లక్షల ప్రాణాలు తీసినప్పుడు, సాగునీరు కూడా ఆరోగ్య విషయమేనని వాదిస్తూ 1878లో ఆమె రాసిన వ్యాసం ఇంగ్లండ్‌లో చర్చ రేపింది. తిండి లేని ఊరికి మందులు మాత్రమే పంపితే ఫలితం ఉండదన్నది ఆమె అవగాహన.

ముసలితనంలో చూపు పోయింది. 1907లో బ్రిటన్ రాజు ఇచ్చే ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం తొలిసారి ఒక మహిళకు, ఆమెకే, దక్కింది. 1910 ఆగస్టు 13న తొంభయ్యో ఏట కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామన్నా కుటుంబం వద్దంది. ఊళ్లోని చర్చి పక్కనే సాదాసీదాగా ఖననం చేశారు. ఆమె పుట్టిన రోజు ఇప్పుడు అంతర్జాతీయ నర్సుల దినోత్సవం.

ఫారాల నుంచి గుర్తింపు దాకా

ఆమె నాటి ఫారాలు మూలన పడ్డా ఆ ఆలోచన బతికింది. అమెరికాలో పిల్లలున్న కుటుంబాలకు స్కూల్ డిస్ట్రిక్ట్ అనే మాట కొత్త కాదు. అక్కడ కంపెనీల నాణ్యత కోసం 1987లో మొదలైన బాల్డ్రిజ్ అవార్డును 1999 నుంచి బడులకూ, ఆస్పత్రులకూ తెరిచారు. 2001లో అలాస్కాలోని చుగాచ్, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లు, 2002లో ఎస్‌ఎస్‌ఎం హెల్త్ కేర్ అనే ఆస్పత్రుల సంస్థ దాన్ని అందుకున్నాయి.

మన దగ్గర సర్కారు దవాఖానల కోసం జాతీయ నాణ్యతా ప్రమాణాలు, అంటే ఎన్‌క్వాస్, ఉన్నాయి. అందించే సేవలు, రోగి హక్కులు, వసతులు, సహాయక సేవలు, చికిత్స, ఇన్ఫెక్షన్ల అదుపు, నాణ్యత నిర్వహణ, ఫలితాలు.. ఈ ఎనిమిది అంశాల్లో మార్కులు వేస్తారు. బయటి నుంచి వచ్చిన నిపుణులు రికార్డులు చూస్తారు, సిబ్బందినీ రోగులనూ అడుగుతారు. కనీసం 70 శాతం రావాలి. శుభ్రతకు 2015లో కాయకల్ప, కాన్పు గదికీ ప్రసూతి ఆపరేషన్ థియేటర్‌కూ 2017లో లక్ష్య వచ్చాయి. ప్రైవేటు ఆస్పత్రులు ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు తీసుకుంటాయి.

ఏ గుర్తింపైనా తనిఖీ జరిగిన రోజుల సంగతి చెబుతుంది. మరుసటి రోజు నుంచి అది నిలబడాలంటే సిబ్బంది రోజూ లెక్క రాయాలి, జనం రోజూ అడగాలి. స్కుటారీలో తన సొంత పేరుకు మచ్చ తెచ్చే అంకెను కూడా నైటింగేల్ బయట పెట్టారు. మంచి దవాఖానకు అదే అసలు గుర్తు.

దవాఖానకు వెళ్తే ఇవి చూడండి

- గుర్తింపు పత్రం మీద తేదీ చూడండి. ఎన్‌క్వాస్ గడువు మూడేళ్లు. పాత పత్రం గోడకు వేలాడుతుంటే మళ్లీ తనిఖీ అయిందా అని అడగండి.
- గుర్తింపు ఏ విభాగానికి వచ్చిందో గమనించండి. లక్ష్య వచ్చిందంటే కాన్పు గది, ప్రసూతి థియేటర్ బాగున్నాయని అర్థం. మిగతా విభాగాలకు అది వర్తించదు.
- ఒక రోగి దగ్గర్నుంచి ఇంకో రోగి దగ్గరికి వెళ్లేటప్పుడు సిబ్బంది చేతులు శుభ్రం చేసుకుంటున్నారా? మరుగుదొడ్డిలో నీళ్లు, సబ్బు ఉన్నాయా?
- వాడిన సూదులు, దూది రంగుల వారీగా వేరువేరు డబ్బాల్లో వేస్తున్నారా?
- ఆపరేషన్ ఎందుకు, వేరే మార్గం ఉందా, చేయకపోతే ఏమవుతుందని అడగండి. అర్థమయ్యాకే సంతకం పెట్టండి.
- డిశ్చార్జి కాగితాలు, పరీక్షల రిపోర్టులు జాగ్రత్తగా దాచుకోండి. వేరే ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడి డాక్టర్‌కు మొదట కావాల్సింది అవే.
- ఫిర్యాదుల పెట్టె, రోగుల అభిప్రాయ పత్రం ఉంటే తప్పకుండా వాడండి. బాగుంటే బాగుందనీ రాయండి. ఆ కాగితాలూ మార్కుల్లో లెక్కకు వస్తాయి.