సికింద్రాబాదు పోలో మైదానమున చర్చిల్

విన్‌స్టన్ చర్చిల్ పేరు విన్నంతనే మన కన్నులయెదుట నోట చుట్టయు, ముడిపడిన కనుబొమలును గల స్థూలకాయుడైన వృద్ధుడు నిలుచును. రెండవ ప్రపంచ యుద్ధమున ఇంగ్లండును నడిపించిన ప్రధానమంత్రియని కొందఱు, భారత స్వాతంత్ర్యమును తుదివఱకు ఎదిరించిన మొండి సామ్రాజ్యవాదియని మఱికొందఱు అతనిని స్మరింతురు. రెండును నిజమే. కాని ఆ వృద్ధునికి ఎంతో పూర్వము, ఎఱ్ఱని జుట్టు, సన్నని దేహము, తీరని అప్పులు గల యువ సైనికోద్యోగి యొకడు ఉండెను. 1896 నవంబరులో అతడు మన సికింద్రాబాదునకు వచ్చెను. వచ్చినది యుద్ధమునకు గాదు, పాలనకు గాదు. పోలో ఆడుటకు.

చర్చిల్ 1874 నవంబరు 30వ తేదీన బ్లెన్‌హైమ్ సౌధమున జన్మించెను. తండ్రి లార్డ్ రాండాల్ఫ్ కొంతకాలము ఇంగ్లండునకు ఆర్థికమంత్రిగా నుండిన ప్రసిద్ధుడు. హారో పాఠశాలలో చదివిన దినములలో లాటిను భాష అతనికి కొఱుకుడు పడలేదు. సాండ్‌హర్‌స్ట్ సైనిక కళాశాలలో చేరిన పిమ్మట గుఱ్ఱపుస్వారి మాత్రము బాగుగా పట్టుబడెను. 1895 జనవరి 24వ తేదీన తండ్రి మరణించెను. మఱుసటి నెలలోనే కుమారుడు నాల్గవ హుస్సారు అశ్వికదళమున చేరెను. ఆ దళమును 1896లో భారతదేశమునకు పంపిరి.

ఈ దేశముపై అడుగుపెట్టిన మొదటి నిమిషమే అతనికి చెడ్డదైనది. బొంబాయిలో ఓడ దిగి, చిన్న పడవలో ససూను రేవునకు వచ్చెను. రేవు మెట్లప్రక్క గోడకు ఇనుప కడియములు వ్రేలాడుచుండెను. కుడిచేతితో ఒక కడియమును పట్టుకొనెను. అదే క్షణమున అలపై పడవ దూరముగా జరిగెను. భుజము పట్టుతప్పెను. అప్పటికి అది స్వల్పమైన బాధగానే తోచెను. కాని ఆ కీలు మఱి ఎన్నడును పూర్తిగా కుదురుకొనలేదు. బీరువాలోని పుస్తకమునకై చేయి చాచినను, నిద్రలో చేయి దిండుక్రింద మడతపడినను, ఈతకొట్టునపుడు చేయి విసరినను తొలగిపోవచ్చునన్న భయము అతనిని జీవితాంతము వెన్నాడెను. టెన్నిసు ఆటకు శాశ్వతముగా స్వస్తి చెప్పవలసివచ్చెను. పోలో ఆడవలెనన్న మోచేతిని తోలుపట్టీతో ప్రక్కకు బిగించి కట్టుకొనవలెను. బంతిని కొట్టవలసిన చేయి అదే.

నాల్గవ హుస్సారు దళము బెంగుళూరు దండులో దిగెను. ఉదయము కవాతు ముగిసిన పిమ్మట ఎండవేళ అందఱును నిద్రించుచుండగా చర్చిల్ మాత్రము తల్లి టపాలో పంపిన గిబ్బను, మెకాలే గ్రంథములను, ప్లేటోను చదువుచుండెను. పాఠశాలలో వెనుకబడిన బాలుడు సొంతముగా విద్యార్థియైనది అక్కడనే. ఎండ తగ్గిన వెంటనే మైదానమునకు పరుగు. ఆ దళమువారికి ఒక కోరిక పట్టుకొనెను. భారతదేశములోని అశ్వికదళములన్నియు పోటీపడు అంతర్దళ పోలో కప్పును దక్షిణదేశమందలి దళమేదియు అంతవఱకు గెలువలేదు. దానిని తాము గెలువవలెను. క్రొత్తగా వచ్చినవారు గుఱ్ఱములను కూర్చుకొని తర్ఫీదు చేయుటకే రెండు మూడేండ్లు పట్టును. అందుచేత వారు పూనా లైట్ హార్స్ దళమువారి పోలో గుఱ్ఱములను మొత్తముగా కొనివేసిరి. ఆ గుఱ్ఱములను మేపి, మాలీసు చేసి, సిద్ధముచేసిన సైసుల పేర్లు మాత్రము ఏ పుస్తకమునను కానరావు.

మొదటి పరీక్ష ఆరు వారములకే వచ్చెను. సికింద్రాబాదున గోల్కొండ కప్పునకై పోటీలు ఏర్పాటయ్యెను. అప్పటి సికింద్రాబాదు దండు తిరుమలగిరి, బొల్లారములవఱకు విస్తరించిన మహాశిబిరము. అక్కడ 19వ హుస్సారు దళము ఉండెను. దానికిని నాల్గవ హుస్సారులకును ఏనాటిదో పాత పంతము. నిజాముగారి గోల్కొండ బ్రిగేడు జట్టు తక్కిన అందఱికంటెను బలమైనదని ప్రతీతి. ఆటకు ముందు ఆంగ్లేయ సేనలును, నిజాము సేనలును కలిసి కవాతు జరిపినవి. చివర ఏనుగుల వరుస పెద్ద ఫిరంగులను లాగుచు వచ్చి, తొండములెత్తి వందనము చేసినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పాలించుచున్న కాలమది.

ఈ ఆటను చూడనివారికొక మాట. పోలోలో ఒక్కొక్క పక్షమున నలుగురు రౌతులు ఉందురు. ఆనాడు వెదురు దుంపతో చేయుచుండిన బంతిని పొడవైన కఱ్ఱతో, పరుగెత్తుచున్న గుఱ్ఱముపైనుండియే కొట్టి ఎదుటివారి కంబముల నడుమకు పంపవలెను. ఆటగాడు ఎంతటివాడైనను గుఱ్ఱము సహకరింపనిదే ఏమియు జరుగదు. గుఱ్ఱమును మనిషిని ఒక్కటి చేయు అభ్యాసము కొన్నాళ్లు తప్పినచో, ఆ లయ మఱల అంత తేలికగా చిక్కదు.

మొదటి ఆటయే గోల్కొండ జట్టుతో పడెను. క్రొత్తగా ఓడ దిగినవారు చిత్తుగా ఓడుదురని ప్రజలు తలచిరి. మొదటి కొద్ది నిమిషములలోనే గోల్కొండవారు మూడు గోల్స్ చేయగా మైదానమంతయు కేరింతలతో మారుమ్రోగెను. తరువాత కథ మాఱెను. ఆ మూడింటితోనే గోల్కొండవారి లెక్క ఆగిపోయినది. నాల్గవ హుస్సారులు తొమ్మిది గోల్స్ చేసి గెలిచిరి. పిదప మిగిలిన జట్లనుగూడ ఓడించి కప్పు పుచ్చుకొనిరి. దేశమున అడుగిడిన ఏబది దినములలోపల ఒక ప్రథమశ్రేణి పోటీని గెలుచుట అంతకుముందెన్నడును జరుగలేదని చెప్పుకొనిరి.

ఆ దినములలోనే అతనికి హైదరాబాదు రెసిడెంటు కుమార్తె పమేలా ప్లౌడెనుతో పరిచయమయ్యెను. ఇరువురును ఏనుగునెక్కి హైదరాబాదు వీధులలో విహరించిరి. అతడు ఆమెను పెండ్లాడదలచెను గాని అది పొసగలేదు. ఆమె 1902లో లార్డ్ లిట్టనును వివాహమాడి, తరువాత ఆయన వంగదేశ గవర్నరుకాగా మఱల ఈ దేశమునకు వచ్చినది.

సికింద్రాబాదు విజయము సులభముగా వచ్చినది. అసలు కప్పు అట్లు రాలేదు. 1898లో మీరట్ పోటీకి వెళ్ళి డర్హం పదాతిదళము చేతిలో ఓడిరి. పదాతులు అశ్వికులను గుఱ్ఱపు ఆటలో ఓడించుట ఆనాడు పెద్ద వింత. చర్చిల్ ఆటకు అంతరాయములును ఎక్కువే. 1897లో వాయవ్య సరిహద్దున మలకాండు పోరునకు వెళ్ళెను. 1898లో సెలవుపై ఇంగ్లండునకు, అచ్చటినుండి సూడానునకు పోయెను. సెప్టెంబరు 2వ తేదీన ఓందుర్మాను యుద్ధమున 21వ లాన్సరు దళముతో కలిసి శత్రువులపైకి గుఱ్ఱమును దూకించెను. అందఱును కత్తులు, బల్లెములు పట్టగా, పట్టుతప్పిన భుజమును నమ్మలేక అతడు పిస్తోలు పట్టెను. ఒకవేళ ఆ భుజమే అతనిని బ్రతికించెనేమో!

సైన్యపు జీతము తనకు చాలదని, కలమే తనను పోషింపగలదని అప్పటికే నిశ్చయించుకొనెను. ఉద్యోగమును వదలుటకు సిద్ధమైనను, వదలుటకు ముందు ఆ కప్పును గెలువవలెనని 1898 డిసెంబరులో ఇంగ్లండు చలినుండి మఱల ఓడనెక్కెను. నెలల తరబడి కఱ్ఱ పట్టనివాడు. చేతిలో మిగిలినది రెండు నెలలు. ఆల్బర్ట్ సేవరీ, రెజినాల్డ్ హోర్, రెజినాల్డ్ బార్న్స్, చర్చిల్—ఈ నలుగురును ముప్పదికి పైబడని గుఱ్ఱములతో రైలెక్కి మొదట జోధ్‌పూరు చేరిరి. ఆ సంస్థానపు సర్ ప్రతాప్ సింగు పోలోవిద్యలో ఆచార్యుడు. సాయంకాలముల ఎఱ్ఱని ధూళిమేఘములలో ఆట సాగుచుండగా నడుమ ఆపించి, ఎవడు ఎక్కడ తప్పెనో చెప్పి, మఱల ఆడించువాడు. సామ్రాజ్యపు అశ్వికులు అచ్చట ఒక రాజపుత్రుని యెదుట శిష్యులై నిలిచిరి. కొలది దినములలో పాత లయ తిరిగివచ్చెను.

మీరట్‌కు బయలుదేరుటకు ముందటి రాత్రి, భోజనమునకు దిగుచుండగా మెట్లపై చర్చిల్ కాలు జారెను. చీలమండలు బెణికెను. భుజము మఱల తొలగెను. తిరిగివచ్చిన నేర్పంతయు ఒక్క జారుతో పోయినట్లే. జట్టుతో బదులు ఆటగాడు ఉండనే యుండెను; తాను తప్పుకొందునని చర్చిల్ చెప్పెను. సహచరులు ఆలోచించి, చేతిని కట్టుకొనియైనను అతడే ఆడవలెననిరి.

ఇందులో ఒక కిటుకు కలదు. ఆనాటి నియమముల ప్రకారము మొదటి స్థానపు ఆటగాని ముఖ్య కర్తవ్యము బంతిని కొట్టుట గాదు. ఎదుటిపక్షపు వెనుకటి ఆటగానిని నీడవలె అంటియుండి, గుఱ్ఱమును గుఱ్ఱముతో ఒరసి అతనిని దారినుండి తప్పించుట. దానికి కావలసినవి గట్టి తొడలు, మంచి గుఱ్ఱము, ఎదుటివాని ఆలోచనను పసిగట్టు బుద్ధి. చేయి కాదు. చర్చిల్ దెబ్బలను సేవరీకిని తక్కినవారికిని వదలి, అడ్డుట తన పనిగా పెట్టుకొనెను. విజయములను తన ఖాతాలో వ్రాసికొనుటకు వెనుదీయని స్వభావము అతనిది. అట్టివాడు ఆ కొలది దినములు తెరవెనుకటి పనికి ఒప్పుకొనుట నిజముగా విశేషమే.

1899 ఫిబ్రవరిలో మీరట్‌లో తుది ఆట నాల్గవ డ్రాగన్ గార్డ్స్‌తో జరిగెను. ఎదుటిపక్షమున వెనుకటి ఆటగాడు హార్డ్రెస్ లాయిడ్ పేరుపడిన నేర్పఱి. చివరి గంట మ్రోగువఱకు ఊపిరి బిగబట్టిన ఆట. నాల్గవ హుస్సారులు నాలుగు గోల్స్, ప్రతిపక్షము మూడు. అడ్డుటకు మాత్రమే పూనుకొనిన కట్టుచేయి సందు దొరికినపుడు బంతిని కంబములలోనికి నెట్టెను గూడ. దక్షిణదేశమందలి దళమునకు ఆ కప్పు వచ్చుట అదే మొదలు. ఆ నలుగురు మఱల కలిసి ఆడలేదు. సేవరీ దక్షిణాఫ్రికా యుద్ధమున మరణించెను.

ఆ వసంతముననే చర్చిల్ భారతదేశమును విడిచెను, మఱల రాలేదు. బెంగుళూరు క్లబ్బులో అతడు చెల్లింపక పోయిన 13 రూపాయలు వసూలుకాని బాకీగా ఆ చిట్టాలో నమోదై నేటికిని ఉన్నవి. 1900లో పార్లమెంటు సభ్యుడయ్యెను. 1940నుండి 1945వఱకు, మఱల 1951నుండి 1955వఱకు ప్రధానమంత్రిగా నుండెను. 1953లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము పొందెను.

ఇక మనకు నొప్పి కలిగించు విషయము. అతడెఱిగిన భారతదేశము దండు, మైదానము, రెసిడెన్సీ విందు. ఆ మైదానముననే గోల్కొండ రౌతులు కొద్ది నిమిషములలో మూడు గోల్స్ చేసి అతని జట్టును దిగ్భ్రమ పఱచిరి. ప్రతాప్ సింగు అతని తప్పులు దిద్దెను. గుఱ్ఱముపై తమతో సరిసమానులని, తమకు గురువులని ఒప్పుకొనిన ఆ మనుష్యులే తమ దేశమును తాము ఏలుకొనగలరని మాత్రము అతడు ఒప్పుకొనలేదు. 1935 భారత ప్రభుత్వ చట్టము చాలించి చాలించని అధికారములిచ్చుటనుగూడ ఏండ్ల తరబడి ఎదిరించెను. 1943 వంగదేశపు కరవులో లక్షలాది జనము మడియుచుండగా అతని ప్రభుత్వము చూపిన అలసత్వమును చరిత్ర క్షమింపదు. బెణికిన భుజమునకు తగినట్లు తన ఆటను మార్చుకొనగలిగినవాడు, మాఱిన కాలమునకు తగినట్లు తన అభిప్రాయమును మార్చుకొనలేకపోయెను.

పోలోను మాత్రము అతడు చాలకాలము విడువలేదు. చట్టసభకు వచ్చిన పిమ్మటను, మంత్రియైన పిమ్మటను ఆడెను. 1927 జనవరిలో మాల్టా ద్వీపమున అడ్మిరల్ కీస్ ఆహ్వానింపగా వెళ్ళి, ఏబదిరెండేండ్ల వయస్సున గుఱ్ఱమెక్కెను. అదే అతని కడపటి ఆట. 1965లో, సరిగా తండ్రి పోయిన జనవరి 24వ తేదీననే, తొంబదియేండ్ల వయస్సున మరణించెను.