యోహాను సువార్త వ్యాఖ్యాత వెస్ట్‌కాట్ పండితుడు

ఒక్క గ్రంథమునకై యాయుష్షంతయు ధారవోసిన పండితులు మన దేశమున బెక్కండ్రు గలరు. మహాభాష్యమును ముప్పదియేండ్లు పఠించియు ఇంకను తృప్తి చెందని వారిని గూర్చి మన పెద్దలు చెప్పగా వినియున్నారము. పాశ్చాత్యదేశములందును అట్టి వారు కలరు. ఇరువదియొక్క అధ్యాయములు మాత్రమే గల యోహాను సువార్తను ఆజీవితము శోధించిన యొక యాంగ్లేయ పండితుని చరిత్రమును ఈ సంచికలో బొందుపఱచుచున్నారము. ఆ మతగ్రంథముతో పాఠకులలో బలువురకు పరిచయము తక్కువ కావచ్చును. అయినను పాండిత్యమునకు మతభేదము లేదు గనుక ఈ చరిత్రము మన విద్యార్థులకు ఉపకరింపగలదని మా నమ్మకము.

బ్రూక్ ఫాస్ వెస్ట్‌కాట్ 1825వ సంవత్సరము జనవరి 12వ తేదీని ఇంగ్లండు దేశమందలి బర్మింగుహాము పట్టణమున జన్మించెను. తండ్రి వృక్షశాస్త్రమునందు ఆసక్తి గలవాడు. బాలుడు ఆ పట్టణమునందే ఎడ్వర్డు రాజు పేర నున్న పాఠశాలలో ప్రిన్సు లీ యను ప్రధానోపాధ్యాయుని యొద్ద విద్య నభ్యసించెను. గ్రీకు, లాటిను భాషలయందు ప్రతిపదమును తూచి యర్థము చెప్పుట ఆ గురువు నేర్పిన విద్య. ఆయన శిష్యులలో వెస్ట్‌కాట్, లైట్‌ఫుట్ అను నిరువురు కాలక్రమమున డర్హము బిషప్పులైరి. బెన్సన్ అను మూడవ వాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పయ్యెను. ఒక్క యుపాధ్యాయుని శ్రద్ధ యెంత ఫలము నొసగునో దీనివలన దెలియుచున్నది.

1844లో వెస్ట్‌కాట్ కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో జేరి, 1849లో ఆ కళాశాలకే ఫెలో యయ్యెను. అచ్చట ఆయన యొద్ద ప్రత్యేకముగా జదువుకొన్నవారిలో లైట్‌ఫుట్, బెన్సన్‌లతోపాటు హోర్ట్ అను యువకు డొక డుండెను. ఈ గురుశిష్యుల చెలిమి నాలుగు దశాబ్దములు నిలిచెను.

1852లో వివాహమాడి, ఆ సంవత్సరమే హారో పాఠశాలలో ఉపాధ్యాయుడుగా బ్రవేశించెను. అచ్చట పదునేడేండ్లు పనిచేసెను. పెద్ద తరగతిలో బాలురను అదుపునం దుంచుట ఆయనకు జాతకాలేదని చెప్పుదురు. ఉపాధ్యాయవృత్తియందే తల నెఱసిన మాబోంట్లకు ఈ సంగతి వినుట కొంత యూరట. అట్లయ్యును ఆయన పగలు బాలురకు బాఠములు చెప్పి, మిగిలిన వేళలయందు గ్రంథరచన సాగించెను. క్రొత్తనిబంధన గ్రంథము లెట్లు ప్రమాణములుగా నేర్పడినవో తెలుపు చరిత్రమును 1855లోను, సువార్తాధ్యయనమునకు బ్రవేశిక యగు గ్రంథమును 1860లోను బ్రకటించెను. పనియెక్కువయని విద్యను విడనాడువారికి ఇంతకంటె సమాధాన మేమి కావలెను?

ఆయన జీవితమందలి మహాకార్యము పాఠపరిష్కరణము. యోహాను సువార్త మూలము గ్రీకుభాషలో నున్నది. గ్రంథకర్త స్వహస్తముతో వ్రాసిన ప్రతి నిలువలేదు. ప్రతికి బ్రతి వ్రాయగా వ్రాయగా తప్పులును దిద్దుబాట్లును జేరినవి. మన తాటియాకు గ్రంథములను సరిచూచినవారికి ఈ చిక్కు చెప్పనక్కఱలేదు. 1853లో వెస్ట్‌కాట్, హోర్ట్ పండితులు క్రొత్తనిబంధన మంతటికిని శుద్ధపాఠమును నిర్ణయింప సంకల్పించి ఇరువదియెనిమిదేండ్లు శ్రమించిరి. ప్రతుల సంఖ్యను లెక్కింపరాదు, వాని విలువను దూచవలెను అనునది వారు పాటించిన సూత్రము. ఒక్క తప్పుబ్రతినుండి నూఱు ప్రతులు పుట్టినను అవి నూఱుగురు సాక్షులు గావు; ఒక్క సాక్షియే. కావున ప్రతులకు వంశవృక్షమును గల్పించి, ఏది దేనికి సంతతియో విచారించిరి. రోమునందలి వాటికను గ్రంథాలయపు బ్రతియు, టిషెన్‌డార్ఫ్ పండితుడు సీనాయి పర్వతమఠమున గనుగొన్న ప్రతియు వారికి ముఖ్యాధారములు. ఈ రెండును నాలుగవ శతాబ్దమునాటివి. 1881 మే నెలలో వారి గ్రీకు మూలము వెలువడెను.

ఇచ్చట వారి సత్యసంధతకు గొప్ప పరీక్ష గలిగెను. వ్యభిచారమున బట్టువడిన స్త్రీని రాళ్ళతో గొట్టి చంపవలెనని కొందఱు యేసు నెదుటికి దీసికొనిరాగా, పాపము లేనివాడే మొదటి రాయి వేయవలెనని ఆయన పలికి ఆమెను గాపాడిన కథ యోహాను సువార్త యెనిమిదవ అధ్యాయమున గలదు. క్రైస్తవులకు ఇంతకంటె బ్రియమైన కథలు కొన్నియే యుండును. కాని మిక్కిలి ప్రాచీనములగు గ్రీకు ప్రతులలో నీ కథ లేదు. కొన్ని ప్రతులలో నిది లూకా సువార్తలో గానవచ్చుచున్నది. ఇందలి పదజాలమును యోహాను శైలికి సరిపడదు. విశ్వాసి యగు పండితు డిట్టిచోట నేమి చేయవలెను? వెస్ట్‌కాట్, హోర్ట్‌లు కథను తమ ముద్రణమున స్వస్థానమునుండి తొలగించి, సువార్త ముగిసిన పిమ్మట జంట కుండలీకరణములలో వేఱుగా నుంచిరి. ఇది యోహాను రచన గాదనియు, అయినను అపొస్తలుల నాటినుండి వచ్చిన యథార్థమగు సంప్రదాయమేయనియు వెస్ట్‌కాట్ అభిప్రాయపడెను. ప్రియమైనదానిని బ్రియమైనదను హేతువుచేత నిలుపలేదు. మూలమున లేదను హేతువుచేత దూషింపనులేదు.

మన మహాభారతమునకును ఇట్టి శోధనమే జరిగినది. పుణ్యనగరమందలి భాండార్కరు ప్రాచ్యవిద్యా సంశోధన మందిరమువారు 1919లో నారంభించి 1966లో ముగించిన పరిష్కరణమున, వ్యాసులవారు చెప్పుచుండగా విఘ్నేశ్వరుడు భారతమును వ్రాసెనను కథను మూలమునుండి తీసి యనుబంధమున జేర్చిరి. ఆ కథ మనకెంత ప్రియమైనదో యెల్లరెఱుగుదురు. దానిని అనుబంధమున జేర్చిన పండితులు భక్తిహీనులు గారు. వెస్ట్‌కాట్ జేసిన పనియు నట్టిదే.

వెస్ట్‌కాట్, హోర్ట్‌లను అందఱును మెచ్చుకొనలేదు. బర్గన్ అను మతాచార్యుడు వారిని దీవ్రముగా ఖండించి 1883లో గ్రంథమే ప్రకటించెను. తరువాతి పండితులును వాటికను ప్రతిపై వారికిగల విశ్వాసము మితిమీరినదని చెప్పిరి. అయినను 1956లోను, 1961లోను బ్రకటితములైన రెండు ప్రాచీన పాపిరసు ప్రతులలో నా స్త్రీ కథ లేకపోయెను. మఱియు మొదటి అధ్యాయము పదునెనిమిదవ వచనమున కుమారుడను పదమునకు మాఱుగా దేవుడను పదమే సరియని వీరు నిర్ణయించియుండిరి. ఆ పదములను లేఖకులు రెండేసి యక్షరములతో సంక్షేపించి వ్రాయుచుండిరి గనుక, రెంటికిని భేద మొక్క యక్షరమే. ఆ పాపిరసు ప్రతులు రెండును వీరి పాఠమునే బలపఱచినవి. పండితు డస్తమించిన యర్ధశతాబ్దమునకు బిదప నతని తీర్పునకు క్రొత్త సాక్షులు లభించిరి!

1870లో వెస్ట్‌కాట్ కేంబ్రిడ్జిలో రాజనియుక్త వేదాంతాచార్యుడయ్యెను. ఆయన యోహాను సువార్తా వ్యాఖ్య 1880 ప్రాంతమున వెలువడెను. మన మీమాంసకులు తాత్పర్యనిర్ణయమునకు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము మున్నగు లింగములను జెప్పిరి. వెస్ట్‌కాట్ మీమాంస చదువలేదు గాని ఆయన నడచినది ఆ త్రోవయే. వాక్యమే దేవుడని యారంభించిన సువార్త, తోమా యను శిష్యుడు యేసును దేవుడని యొప్పుకొనుటతో నుపసంహారమునకు వచ్చుచున్నదని చూపెను. జీవము, వెలుగు, సత్యము, సాక్ష్యము అను పదములు మాటిమాటికి వచ్చుటను గమనించి, ఒక్కొక్కదాని యర్థమును గ్రంథమంతట వెదకి నిర్ణయించెను. గ్రంథకర్త యూదుడు, పాలస్తీనా వాసి, కన్నులార జూచినవాడు, అపొస్తలుడు, కావున యోహానే యని మెట్టుమెట్టుగా వాదించెను. నేటి పండితులలో బెక్కండ్రు ఈ తుదినిర్ణయము నంగీకరింపరు. ప్రేమించుట యను నర్థముగల రెండు గ్రీకు క్రియలకు ఆయన చూపిన సూక్ష్మభేదమును గూడ పలువురు శైలీభేదము మాత్రమే యందురు. అయినను ఆ సువార్తను ఉన్నత విద్యార్థిగా బఠింపబూనినవాడు నేటికిని ఆయన వ్యాఖ్యను దాటిపోలేడు.

ఆయనకు మన దేశముతోడి సంబంధమును గలదు. 1877లో నేర్పడిన ఢిల్లీ కేంబ్రిడ్జి మిషనునకు ఆయన ప్రోత్సాహము ముఖ్యమైనది. ఆ మిషనువారే 1881లో ఢిల్లీలో సెయింటు స్టీఫెన్సు కళాశాలను స్థాపించిరి. ఆయన కుమారులు పలువురు హిందూదేశమున బనిచేసిరి. బేసిల్ 1900లో ఢిల్లీలోనే మరణించెను. జార్జి లక్నో బిషప్పయ్యెను. ఫాస్ 1919 మొదలు 1945 వఱకు కలకత్తాలో మెట్రోపాలిటనుగా నుండెను. యోహాను సువార్తకు సంపూర్ణవ్యాఖ్య యొక హిందూదేశీయుడే వ్రాయగలడని వెస్ట్‌కాట్ నమ్మియుండెనని ప్రసిద్ధి. దక్షిణదేశీయుడగు ఏ. జె. అప్పాసామి 1922లో ఆక్సుఫర్డున డాక్టరు పట్టమునకై హిందూ భక్తివాఙ్మయమును నాల్గవ సువార్తతో బోల్చి పరిశోధించుట ఆ నమ్మకమునకు దగినట్లే యున్నది.

1890లో, లైట్‌ఫుట్ మరణానంతరము, వెస్ట్‌కాట్ డర్హము బిషప్పయ్యెను. అది బొగ్గుగనుల సీమ. 1892లో కూలితగ్గింపు విషయమున గనికార్మికులు మూడునెలలు సమ్మె కట్టిరి. ఇండ్లలో బొయ్యి రాజకుండెను. అరువదియేడేండ్ల ఈ పండితుడు ఉభయపక్షములను తన భవనమునకు బిలిపించి, అటునిటు నడచి, రాజీ కుదిర్చెను. నూటికి బదుమూడున్నర వంతున తగ్గింపగోరిన యజమానులు పదింటితో దృప్తిపడిరి. పుస్తకముల పురుగు లోకమునకు బనికిరాదనువారు ఈ సంగతిని మఱువరాదు. ఆ సంవత్సరమే హోర్ట్ గతించెను. 1901 మే నెలలో భార్య మరణించెను. జూలై 20వ తేదీని డర్హము మహాదేవాలయమున గనికార్మికులకు దుదియుపదేశము చేసి, 27వ తేదీని వెస్ట్‌కాట్ పరమపదించెను.

ఈ చరిత్రమువలన మనము గ్రహింపవలసినది యొకటి గలదు. ప్రతి కులమునకును వంశచరిత్రములును స్థలపురాణములును గలవు, మనకును గలవు. వానిని భక్తితో భద్రపఱచుట యొక ధర్మము. ఏది ప్రాచీనమో ఏది పిమ్మట జేరినదో నిర్ణయించుట రెండవ ధర్మము. మనకు గీర్తి దెచ్చు పద్యమే యైనను మూలమున లేనిచో అనుబంధమున జేర్చుటకు ధైర్యము గావలెను. అట్టి ధైర్యము చదువువలననే కలుగును. ఆ చదువునకు బూనిన మన బాలబాలికలు ఫలము వెంటనే కనబడని పనిలో నేండ్లు గడపవలసియుండును. ఇరువదియెనిమిదేండ్లు వేచియుండుమని దాతలను గోరుట లేదు. పరీక్ష ముగిసిన మఱునాడే ఉద్యోగమేదియని యడుగక, మఱి నాలుగేండ్లు వారి యన్నవస్త్రములకు లోటు రానీయకుండుడని మాత్రము ప్రార్థించుచున్నారము.