నిస్తంత్రీ సాధకుడు మార్కోనీ

హైదరాబాదు నగరమున అబిడ్సు కూడలికి చేరువలో చిరాగలీ వీధి కలదు. 1930ల తొలినాళ్లలో, తంతి తపాలా శాఖకు చెందిన మహబూబలీ యనునతడు ఆ వీధిలో 200 వాట్ల చిన్న ప్రసార యంత్రమును నెలకొల్పి, నగరవాసులకు గానమును, మాటలను వినిపించెను. 1935లో నిజాం ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. అదియే దక్కన్ రేడియో. 1950 ఏప్రిల్ 1వ తేదీన అది ఆకాశవాణిలో కలిసిపోయెను. ఆ దినములలో రేడియో పెట్టె కొన్నవారు తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెను. నాంపల్లి మేడలపై రెండు గడల నడుమ సాగగట్టిన ఏరియల్ తీగలు బాటసారులకు కనబడుచుండెడివి. తీగను ఎత్తున కట్టిన కొలదియు దూరపు కేంద్రములు స్పష్టముగా వినబడునని పిల్లలకు సైతము తెలియును. ఆ యుపాయమును లోకమునకు నేర్పినవారిలో ముఖ్యుడు ఇరువదియొక్క యేండ్ల ఇటలీ యువకుడు.

గుగ్లియెల్మో మార్కోనీ 1874 ఏప్రిల్ 25వ తేదీన బొలోన్యా నగరమున జన్మించెను. తండ్రి జుసెప్పె సంపన్నుడైన భూస్వామి. తల్లి ఆనీ ఐర్లండు దేశస్థురాలు. బాలునికి బడి చదువు సరిగా అబ్బలేదు. విశ్వవిద్యాలయ ప్రవేశమును లభింపలేదు. అయినను విద్యుచ్ఛక్తియన్న అతనికి ప్రాణము. రీగీ యను ఆచార్యుడు పొరుగున నుండి అతనికి దారి చూపెను.

జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ అంతకు కొన్ని యేండ్ల ముందే విద్యుత్తరంగములున్నవని ప్రయోగపూర్వకముగా నిరూపించియుండెను. 1894లో ఆయన మరణించిన పిమ్మట, ఆ పరిశోధనలను గూర్చిన వ్యాసమును మార్కోనీ చదివెను. తీగ లేకయే ఈ తరంగములతో వార్తలు పంపవచ్చునుగదా యను తలంపు ఆతనిని నిదురపోనీయలేదు. పొంటెక్యో గ్రామములోని తమ భవనపు అటకమీద పరికరములు కూర్చుకొని పనికి పూనుకొనెను. ఒకనాటి రాత్రి తల్లిని మేల్కొలిపి, గదికి ఆవలి కొసనున్న గంటను తీగ తగులకుండ మ్రోగించి చూపెను. తండ్రికి ఇది వృథా కాలక్షేపముగా తోచినను, తల్లి మాత్రము కుమారుని విశ్వసించెను.

1895లో అతడు పంపు యంత్రమునకు తగిలించిన తీగను ఒక గడపై ఎత్తున నిలిపి, రెండవ తీగను భూమిలో పాతెను. అంతకు ముందు కొలది దూరమే పోవుచుండిన సంకేతము మైలుకు పైగా పోజొచ్చెను. కొండకు ఆవల యంత్రముతో నిలిచిన అన్న అల్ఫోన్సో, సంకేతము అందినదని తెలుపుటకు తుపాకి ప్రేల్చెను. ఇంచుమించు అదే కాలమున రష్యాలో పోపోవును ఎత్తైన తీగను వాడుచుండెను. మన జగదీశచంద్రబోసు 1895లోనే కలకత్తా టౌన్‌హాలున తీగ లేకుండ గంట మ్రోగించి ప్రేక్షకులను విస్మయపరచెను. బోసు విజ్ఞానమును కోరెను. మార్కోనీ విజ్ఞానముతో పాటు వ్యాపారమును కోరెను. 1896లో తల్లితో ఇంగ్లండు చేరి పేటెంటుకై దరఖాస్తు పెట్టుకొనెను. అచ్చటి తపాలా శాఖ ముఖ్య ఇంజనీరు ప్రీసు అతనికి చేయూత నిచ్చెను. మరుసటి యేడే కంపెనీ స్థాపింపబడెను. 1899లో ఇంగ్లీషు కాలువ దాటి ఫ్రాన్సునుండి ఇంగ్లండునకు వార్త చేరెను.

పిదప అతని చూపు అట్లాంటిక్ మహాసముద్రముపై పడెను. భూమి గుండ్రనిది, తరంగములు వెలుగువలె సూటిగా పోవును గనుక ఆవలి తీరమును చేరక ఆకాశమున కలిసిపోవునని పండితులు పలుకుచుండిరి. మార్కోనీ వారి లెక్కకు జవాబు చెప్పలేకపోయెను. అయినను కంపెనీ ధనమును, తన పేరును పణముగా నొడ్డెను. ఇంగ్లండు నైరుతి కొసయందు పోల్డూ వద్ద, ఒక్కొక్కటి 200 అడుగుల ఎత్తుగల ఇరువది స్తంభములను వలయాకారమున నిలిపి తీగలు కట్టించెను. 1901 సెప్టెంబరు 17వ తేదీన వచ్చిన గాలివానకు అవి యన్నియు కూలిపోయెను. అమెరికా తీరమున కేప్‌కాడ్ వద్ద నిలిపిన స్తంభములకును ఆ సంవత్సరమే అదే గతి పట్టెను. స్తంభములను బిగించిన తీగలు ఒకదానితో నొకటి ముడిపడియుండుటచే, ఒకటి ఒరిగిన అన్నియు ఒరుగవలసినదే. మార్కోనీ పోల్డూలో రెండే స్తంభములు నిలిపి, వాని నడుమ తీగలను విసనకఱ్ఱవలె పరపించెను. తాను కెంపు, పాజెట్ అను ఇద్దరు సహాయకులతో న్యూఫౌండ్‌లాండు దీవికి ఓడ నెక్కెను.

అచ్చట సెంట్‌జాన్స్ రేవునకు పైనున్న సిగ్నల్ కొండపై స్తంభము కట్టించుటకు వ్యవధి లేదు. తీగను బెలూనుతో ఎగురవేయ, గాలి దానిని త్రెంచుకొని పోయెను. డిసెంబరు 12వ తేదీన గాలిపటమునకు దాదాపు 500 అడుగుల తీగను కట్టి ఎగురవేసిరి. గాలిపటము పైకిని క్రిందికిని ఊగుచుండుటచే తీగ గుణము క్షణక్షణము మారి, శ్రుతిచేసిన గ్రాహకము పనికిరాదయ్యెను. అందుచే శ్రుతి యక్కరలేని సాధనమునకు టెలిఫోను తగిలించి, మార్కోనీ చెవియొగ్గి కూర్చుండెను. మధ్యాహ్నము పండ్రెండున్నరకు మూడు చిన్న టిక్కుటిక్కులు వినవచ్చెను. అవి మోర్సు లిపిలో ఎస్ అను అక్షరము. కెంపును విని ఔననెను. రమారమి 2,100 మైళ్ల సముద్రము దాటి వచ్చినది ఆ మూడు చుక్కలే.

వినినవారు ఇద్దరే, కాగితముపై గుర్తు ఏదియు లేదు. అది మెరుపుల సడియేమోయని శంకించినవారు ఆనాడును ఉండిరి, నేడును ఉన్నారు. మార్కోనీ వాదమునకు దిగలేదు. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా యను ఓడపై పయనించుచు, సంకేతములను కాగితపు పట్టెపై అచ్చుపడునట్లు చేసెను. రాత్రివేళ 2,000 మైళ్లకు పైగా అందెను. పగటివేళ 700 మైళ్లతోనే ఆగిపోయెను. రేయింబవళ్లకు ఈ భేదమేల? ఆకాశమున చాల ఎత్తున విద్యుద్వాహకమగు పొర యొకటి యుండి తరంగములను తిరిగి నేలకు పంపుచున్నదని హెవిసైడ్, కెన్నెలీ యను వారు అదే సంవత్సరమున వేర్వేరుగా ఊహించిరి. 1924లో ఆపిల్‌టన్ దానిని నిరూపించెను. పండితులకు తెలియని ఆ పొరయే మార్కోనీని గట్టెక్కించినది.

సిగ్నల్ కొండపై వాడిన పాదరసపు సాధనము ఒక ఇటలీ నావికాధికారి ఇచ్చినది. అట్టిదానినే బోసు 1899లో లండను రాయల్ సొసైటీకి వివరించియుండెను. ఈ సంగతి మన పిల్లలు ఎరుంగుట మంచిది.

1909లో మార్కోనీకిని, జర్మనీకి చెందిన బ్రౌనుకును నోబెల్ బహుమానము లభించెను. 1912లో టైటానిక్ ఓడ మునుగునపుడు మార్కోనీ కంపెనీ ఉద్యోగులు పంపిన పిలుపు వలన మరియొక ఓడ వచ్చి దాదాపు 700 మందిని కాపాడెను. ఆ యేడే మోటారు ప్రమాదమున మార్కోనీ కుడికన్ను పోయెను.

దూరము పోవలెనన్న దీర్ఘ తరంగములే కావలెనని అతడు చాలకాలము నమ్మెను. వానికి బ్రహ్మాండమైన స్తంభములు అవసరము. 200 మీటర్ల కంటె తక్కువ తరంగములు పనికిరానివని అమెరికా ప్రభుత్వము ఔత్సాహికులకు వదలివేసెను. 1923 నవంబరులో ఫ్రాన్సు, అమెరికా దేశముల ఔత్సాహికులు దాదాపు 100 మీటర్ల తరంగముపై అట్లాంటిక్ దాటి పరస్పరము సంభాషించిరి. 40 మీటర్ల తరంగమునకు అందులో సగము, అనగా 20 మీటర్ల తీగ చాలును. మన మేడమీద కట్టుకొనవచ్చును. మార్కోనీయును తన ఎలెట్రా నౌకపై హ్రస్వ తరంగములను పరీక్షించి పాత మార్గమును విడిచెను. పేరు ప్రతిష్ఠలు వచ్చిన పిదప అట్లు మారుట అందరివలన కాదు. 1927లో ఇంగ్లండునకును భారతదేశమునకును హ్రస్వతరంగ వార్తా మార్గము ఏర్పడెను. హైదరాబాదున 1983లో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ నేర్పునదియు ఈ విద్యయే. 2004 డిసెంబరున సునామీ వచ్చి అండమాను దీవులకు వార్తా సంబంధములు తెగినపుడు ఔత్సాహికులు ఇట్టి తీగలతోనే క్షేమవార్తలు చేరవేసిరి.

మార్కోనీ 1923లో ముస్సోలినీ పక్షమున చేరి తుదివరకు అందే నిలిచెను. అది అతని కీర్తికి మచ్చయే. 1937 జులై 20వ తేదీన రోములో గుండెజబ్బుతో మరణించెను. మరునాటి సాయంకాలము బ్రిటనునందలి రేడియో కేంద్రములు రెండు నిమిషములు మౌనము వహించెను. 1941లో అతని దేహమును పొంటెక్యోలో, మొదట గంట మ్రోగించిన ఆ యింటి ముంగిటనే నిక్షేపించిరి.