ముఖాలకు రూపమిచ్చిన శస్త్రవైద్యుడు

మానవ శరీరంలోని అవయవాలన్నింటిలో ముఖానికి ఉన్న స్థానం ప్రత్యేకమైనది. మనిషిని మనిషి గుర్తించేది ముఖాన్ని చూసే. కాలో చేయో పోగొట్టుకున్నవాణ్ణి లోకం జాలితో చూస్తుంది. ముఖం ఛిద్రమైనవాణ్ణి చూసి చూపు తిప్పుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం అటువంటి అభాగ్యులను వేల సంఖ్యలో మిగిల్చింది. వారిని తిరిగి సంఘంలో తలెత్తుకొని తిరిగేటట్లు చేయడానికి తన విద్యనంతా వినియోగించిన మహనీయుడు హెరాల్డ్ గిల్లీస్. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి పునాది వేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

హెరాల్డ్ డెల్ఫ్ గిల్లీస్ 1882 జూన్ 17న న్యూజిలాండ్ దేశంలోని డునెడిన్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రుల సంతానంలో ఆయనే చివరివాడు. నాలుగేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయాడు. బాల్యంలో మోచేతికి తగిలిన దెబ్బ వల్ల ఆ చేయి జీవితాంతం పూర్తిగా వంగేది కాదు. అయినా ఆయన ఆటలలో ఎవరికీ తీసిపోలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుతూ 1904లో పడవ పందెంలో పాల్గొన్నాడు. గోల్ఫ్ క్రీడలో మంచి పేరు తెచ్చుకున్నాడు. చిత్రలేఖనమంటే మక్కువ చూపేవాడు. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్య ముగించి, చెవి, ముక్కు, గొంతు వ్యాధుల చికిత్సలో నైపుణ్యం సంపాదించాడు.

1914లో యుద్ధం ఆరంభమైంది. మరుసటి సంవత్సరం గిల్లీస్ సైనిక వైద్యదళంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళాడు. సైనికులు కందకాలలో పోరాడే కాలమది. శరీరమంతా మట్టిగోడల చాటున దాగి ఉన్నా, తల పైకెత్తిన క్షణంలో అది శత్రువు గురికి దొరికేది. ఫిరంగి గుండ్ల తునకలు దవడలను, ముక్కులను ఎగరగొట్టుకొనిపోయేవి. అక్కడ వాలదియే అనే దంతవైద్యుడు విరిగిన దవడలను చక్కదిద్దడం గిల్లీస్ చూశాడు. పారిస్‌లో మోరెస్తాఁ అనే శస్త్రవైద్యుడు ముఖం మీది కంతిని తొలగించి, ప్రక్కనున్న చర్మాన్ని జరిపి ఆ గాయాన్ని పూడ్చిన తీరును కూడా చూశాడు. ఆ దృశ్యం ఆయన జీవిత మార్గాన్నే మార్చివేసింది.

గిల్లీస్ అధికారులను ఒప్పించి, 1916 ఆరంభంలో ఇంగ్లండులోని ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలో ముఖ గాయాలకు ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించాడు. క్షతగాత్రులు నేరుగా తన వద్దకే చేరాలని సొంత డబ్బుతో చిరునామా చీటీలు కొని, యుద్ధ కార్యాలయానికి పంపాడు. ఆ ఏడాది జూలైలో సోమ్ నదీ తీరాన ఘోర సంగ్రామం జరిగింది. రెండు వందల మంది రాగలరని సిద్ధమైన ఆ విభాగానికి దాదాపు రెండు వేల మంది వచ్చారు. స్థలం చాలక, 1917లో సిడ్‌కప్ అనే ఊరిలో క్వీన్స్ ఆసుపత్రిని నెలకొల్పారు.

అప్పటి వైద్యులకు ఒక చిక్కు ఉండేది. లోతైన గాయం మీద పలుచని చర్మాన్ని కోసి తెచ్చి అతికిస్తే అది నిలిచేది కాదు. రక్తనాళాలున్న మెత్తని నేల దొరికితేనే అటువంటి చర్మం బ్రతుకుతుంది. పైపొర ఊడి, తెల్లగా బయటపడిన ఎముక మీద అది ఎండిపోతుంది. కాబట్టి తన రక్తాన్ని తానే తెచ్చుకొనే చర్మం కావాలి. ఈ రహస్యం భారతీయులకు ప్రాచీన కాలం నుండి తెలుసు. తెగిన ముక్కును చెంప చర్మంతో పునర్నిర్మించే విధానాన్ని సుశ్రుత సంహిత వర్ణించింది. నుదుటి చర్మంతో ముక్కును నిర్మించే భారతీయ పద్ధతి పుణె ప్రాంతంలో జరగగా, ఆ వృత్తాంతం 1794లో లండన్ పత్రికలో వెలువడి ఐరోపా వైద్యులను ఆశ్చర్యపరిచింది.

మామిడి అంటు కట్టే తోటమాలి తల్లిచెట్టు కొమ్మను వెంటనే నరకడు. కొమ్మను మొక్కకు చేర్చి కట్టి, రెండూ ఏకమైన తరువాతనే తల్లిచెట్టు నుండి వేరు చేస్తాడు. ఈ చికిత్స కూడా అటువంటిదే. చర్మాన్ని ఒక కాడ వద్ద శరీరానికి అంటి ఉండేటట్లు లేవదీసి, గాయం మీదికి త్రిప్పి కుడతారు. కొత్త చోట రక్తనాళాలు ఏర్పడేదాకా ఆ కాడే దానికి ప్రాణాధారం. దీనినే వైద్యులు ఫ్లాప్ అంటారు.

అయితే కాడ అడుగు భాగం పచ్చి పుండువలె తెరచి ఉండేది. పెన్సిలిన్ ఇంకా లోకానికి తెలియని ఆ రోజులలో అది చీము పట్టేది. 1917 అక్టోబరు 3న గిల్లీస్ ఒక నావికునికి శస్త్రచికిత్స చేస్తున్నాడు. జట్లండ్ నౌకా యుద్ధంలో అతని ముఖం కాలిపోయింది. రొమ్ము మీది నుండి లేవదీసిన చర్మపు అంచులు లోపలికి ముడుచుకొనడం గిల్లీస్ గమనించాడు. ఆ అంచులను కలిపి కుడితే గొట్టం అవుతుందని ఆయనకు తోచింది. వెంటనే అలాగే కుట్టాడు. పచ్చిభాగం మూసుకొనిపోయింది, రక్తప్రసారం నిలిచింది. ఒడెస్సాలో ఫిలాటోవ్ అనే వైద్యుడు అంతకు ముందే ఇటువంటి పద్ధతిని స్వతంత్రంగా కనుగొన్నా, ఆ సంగతి గిల్లీస్‌కు తెలియదు. ఈ గొట్టపు ఫ్లాప్ వల్ల పొట్ట మీది చర్మాన్ని ముందుగా మణికట్టుకు, అక్కడి నుండి ముఖానికి అంచెలంచెలుగా చేర్చడం సాధ్యమైంది. తల మీది వెంట్రుకలున్న చర్మాన్ని కణతల వద్ద కాడలు నిలిపి పై పెదవికి దించితే, అక్కడ పెరిగిన మీసం మచ్చలను కప్పివేసేది.

విజయాలతో పాటు గిల్లీస్‌కు తీరని దుఃఖమూ కలిగింది. విమాన ప్రమాదంలో ముఖమంతా కాలిపోయిన ఒక యువ వైమానికునికి 1918లో రొమ్ము నుండి పెద్ద చర్మపు పొరను తీసి ఒక్కసారిగా ముఖమంతటికీ అమర్చాడు. ఆ చర్మం కుళ్ళిపోయింది. నెలల తరబడి బాధతో క్షీణించి ఉన్న ఆ యువకుడు ప్రాణాలు విడిచాడు. గిల్లీస్ ఆ దోషాన్ని ఇతరుల మీదికి నెట్టలేదు. దశలవారీగా చేయవలసిన పనిని తొందరపడి ఒకేసారి చేశానని గ్రహించాడు. రేపటికి వాయిదా వేయగల శస్త్రచికిత్సను నేడే చేయరాదన్న నియమాన్ని తన శిష్యులకు జీవితాంతం బోధించాడు.

సిడ్‌కప్‌లో వార్డులలో అద్దాలు ఉంచేవారు కాదు. ఊరి దారిలో కొన్ని బల్లలకు నీలిరంగు వేసి, వాటిని రోగుల కోసం కేటాయించారు. వారు ఎదురుపడినపుడు ఊరివారు ఉలిక్కిపడకుండా ఉండడానికి ఈ ఏర్పాటు చేశారు. వైద్యుడూ చిత్రకారుడూ అయిన హెన్రీ టాంక్స్ రోగుల ముఖాలను రంగులలో చిత్రించాడు. దంతవైద్యులు, మత్తువైద్యులు గిల్లీస్‌తో కలిసి పనిచేశారు. 1917 నుండి 1925 వరకు ఆ ఆసుపత్రిలో ఐదు వేలకు పైగా సైనికులకు పదకొండు వేలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి.

ఈ అనుభవాలను గిల్లీస్ 1920లో గ్రంథంగా వెలువరించాడు. 1930లో ఆయనకు సర్ బిరుదు లభించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో తిరిగి క్షతగాత్రుల సేవకు పూనుకొన్నాడు. 1946లో బ్రిటిష్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయస్సులో కూడా కత్తి విడువలేదు. 1960 ఆగస్టులో ఒక యువతి కాలికి శస్త్రచికిత్స చేస్తుండగా ఆయన అస్వస్థుడై, సెప్టెంబరు 10న లండన్‌లో కన్నుమూశాడు.

ఆయన తరువాత శాస్త్రం మరింత ముందుకు సాగింది. సూక్ష్మదర్శిని సాయంతో సన్నని రక్తనాళాలను కలిపి కుట్టడం సాధ్యమైనందున గొట్టపు ఫ్లాప్ అవసరం చాలావరకు తగ్గింది. ఉదరంలోని కొవ్వు పొరను తల మీది పెద్ద గాయానికి మార్చి, దాని నాళాలను అక్కడి నాళాలతో కలిపిన వృత్తాంతాన్ని 1972లో మెక్‌లీన్, బంకీ అనే వైద్యులు ప్రకటించారు. నేడు కాలిన గాయాల వల్ల గాని, క్యాన్సర్ వల్ల గాని తలమీది చర్మాన్నీ పుర్రె ఎముకనూ కోల్పోయినవారికి, ఎముక స్థానంలో లోహపు పలకను అమర్చి, దాని మీద వీపు కండరాన్ని సజీవంగా కప్పగలుగుతున్నారు. పద్ధతి మారినా సూత్రం మారలేదు. రక్తం అందినంతవరకే కణజాలం బ్రతుకుతుంది. ఆ సత్యాన్ని ఓర్పుతో ఆచరించి, తన పొరపాటు నుండి కూడా పాఠం నేర్చుకొన్నందువల్లనే గిల్లీస్ వేలాది మందికి ముఖాన్నీ, దానితో పాటు బ్రతుకు మీద ఆశనూ తిరిగి ఇవ్వగలిగాడు.