ఆకులో దాగిన ఆయువు

తణుకు, భీమవరం ప్రాంతాలు గోదావరి డెల్టాలో వరికి పేరుపొందిన సీమలు. కాలువ గట్ల మీద అరటి, పెరళ్లలో తోటకూర, బచ్చలి విరివిగా పెరిగే ఆ నేలలో, 1895 జనవరి 12న, భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. ఆకుకూరల్లో అత్యల్ప పరిమాణంలో ఉండే ఒక పోషకాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి ఆయనే నాయకుడు. ఆ అన్వేషణకు మూలం ఆయన ఇంట జరిగిన రెండు మరణాలు.

తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పేదరికం. పదమూడవ ఏట సుబ్బారావు యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని కాశీకి బయలుదేరగా, పెద్దలు పట్టి వెనుకకు తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్సకు ఖద్దరు దుస్తులు ధరించారు. ఆచార్యుని ఆగ్రహం ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి బలి అయ్యారు. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక, రక్తం క్షీణించి, మనిషి ఎండిపోయే రోగమది. అదే వ్యాధి సుబ్బారావుకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. ఆ రోగానికి మందు కనుగొనాలన్న పట్టుదల మాత్రం ఆయనను విడువలేదు.

మామగారి ఆర్థిక సహాయంతో అమెరికా చేరి, హార్వర్డులో చదువుతూ, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసి పొట్టపోసుకున్నారు. ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని గుర్తించారు. అయినా హార్వర్డులో ఆయనకు శాశ్వత పదవి లభించలేదు. కీర్తికి దూరంగా ఉండే ఆయన వినయాన్ని మెచ్చుకోవచ్చు గాని, దానివల్ల ఆయనకు కలిగిన నష్టం స్వల్పమైనది కాదు.

1940లో ఆయన లెడర్లీ సంస్థలో చేరారు. అప్పటికే 1931లో లూసీ విల్స్ బొంబాయి గర్భిణుల రక్తహీనతను ఈస్టుసారంతో మాన్పవచ్చునని చూపారు. 1941లో అమెరికన్ శాస్త్రజ్ఞులు టన్నులకొద్దీ పాలకూర నుండి అదే గుణంగల పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. సుబ్బారావు బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూ రోగుల రక్తం దానితో తేరుకున్నది.

కానీ విజయం సంపూర్ణం కాలేదు. పెర్నీషియస్ ఎనీమియా అనే మరొక రక్తహీనతలో ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేసింది గాని, నాడుల క్షీణతను ఆపలేకపోయింది. కాలేయంలోని ఆ మరో పదార్థమైన బి12 విటమిన్‌ను 1948లో ఇతరులు వేరుచేశారు. అదే సంవత్సరం ఆగస్టులో, స్వదేశాన్ని మళ్లీ చూడకుండానే, 53వ ఏట సుబ్బారావు మరణించారు.

ఈ రెండు విటమిన్లకూ వృద్ధుల జ్ఞాపకశక్తికీ గల సంబంధం తర్వాతి కాలంలో స్పష్టపడింది. ఇవి లోపిస్తే రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది. అది హెచ్చుగా గల వృద్ధులకు డిమెన్షియా ముప్పు ఎక్కువని 2002లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశీలన తెలిపింది. 2010లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు, స్వల్ప మతిమరపు గల వృద్ధులకు ఫోలిక్ ఆమ్లం, బి6, బి12 ఇవ్వగా మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గినట్లు కనుగొన్నారు. అయితే ఈ మాత్రలు డిమెన్షియాను నివారిస్తాయని ఇంతవరకూ రుజువు కాలేదు.

ఆకుకూరలు, పెసలు, మినుములు ఫోలేటును ఇస్తాయి. ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే అది చాలావరకు నశిస్తుంది. బి12 మాత్రం ఆకులలో లభించదు. పాలు, గుడ్లు, చేపలలో ఉంటుంది. వృద్ధాప్యంలో జీర్ణశక్తి తగ్గి, తిన్నా అది ఒంటబట్టకపోవచ్చు. బి12 లోపమున్న వారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం మెరుగై, నాడుల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుంది. అందువల్లనే మతిమరపుతో వచ్చిన వృద్ధులకు వైద్యులు ముందుగా బి12 పరీక్ష చేయిస్తారు.