మార్లవాయి మరువని మనిషి హైమన్‌డార్ఫ్

ప్రతి ఏడాది జనవరి 11న మార్లవాయిలో రెండు సమాధుల దగ్గర మన వాళ్ళు కలుస్తారు. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని ఆ చిన్న గూడేనికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు పిల్లాపాపలతో వస్తారు. ఆ సమాధుల్లో ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది, రెండోది ఆమె భర్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి!

మా హాస్టల్ పిల్లలను ఎప్పుడు అక్కడికి తీసుకుపోయినా ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, వీళ్ళు మనకు ఏమవుతారని. ఈ సంచికలో ఆయన గురించి రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది ఆ ప్రశ్నే. పిల్లలకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాం.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రం చదివి, తర్వాత లండన్‌లో మరికొంత కాలం చదువుకున్నారు. 1936లో ఈశాన్య కొండల్లోని కొన్యాక్ నాగాల మధ్య ఉండి వాళ్ళ జీవితాన్ని దగ్గరగా చూశారు. 1938లో బెట్టీని పెళ్ళి చేసుకున్నారు. మరుసటి ఏడాది ఇద్దరూ భారతదేశానికి వచ్చారు. అంతలోనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికే ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయినందున ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ళ లెక్కలో ఆయన శత్రుదేశపు మనిషి. తెలిసిన వాళ్ళ మాట సాయంతో జైలు తప్పింది, కానీ హైదరాబాద్ సంస్థానం దాటి పోవడానికి వీల్లేకుండా పోయింది. ఆ కట్టడే ఆయనను మన అడవుల్లోకి తెచ్చింది. 1940లో నల్లమల చెంచుల దగ్గర మొదలుపెట్టి, గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీదుగా ఆదిలాబాద్ గోండుల దగ్గరికి చేరారు.

ఆయన వచ్చే నాటికి ఆదిలాబాద్ అడవి రగిలి ఉంది. మన వ్యవసాయం పద్ధతి వేరు. ఒక చేను నాలుగేళ్ళు దున్ని, బలం తగ్గగానే దాన్ని బీడుగా వదిలి మరో చేనుకు పోయేవాళ్ళు. కొన్నేళ్ళకు మళ్ళీ పాత చేనుకే వచ్చేవాళ్ళు. సర్కారు కాగితాల్లో మాత్రం బీడు అంటే ఎవరిదీ కాని భూమి. కొంత రిజర్వు ఫారెస్టు గీతల్లోకి పోయింది. కొంత బయటి నుంచి వచ్చి పట్టాలు రాయించుకున్న వాళ్ళ చేతికి పోయింది. ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించారు. కట్టె కొట్టినా, పశువును మేపినా ఫారెస్టు సిబ్బందికి మామూలు ముట్టజెప్పాల్సిందే. ఈ అన్యాయానికి ఎదురు నిలిచి జోడేఘాట్, బాబెఝరి చుట్టూ ఉన్న పన్నెండు గూడేల కోసం కుమ్రం భీం పోరాడారు. 1940లో జోడేఘాట్ కొండ మీద తన తోటివాళ్ళతో పాటు ప్రాణాలిచ్చారు.

ఇక్కడ పిల్లలకు మేము ఒక మాట గట్టిగా చెబుతాం. హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది నిజాం సర్కారు దయ కాదు. భీం రక్తం చూశాకే, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలన్న ఆలోచన సర్కారుకు పుట్టింది. ఆ పని ఈ పరిశోధకుడికి అప్పగించింది. అంటే ఆయన చేసిన మేలు వెనక కూడా మన వాళ్ళ పోరాటమే ఉంది.

ఆయన ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాయలేదు. భార్యతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. గోండి నేర్చుకున్నారు. పెర్సాపేన్ పూజలు, పెళ్ళిళ్ళు, చావులు, దండారి ఆటలు, పంచాయితీలు అన్నీ కూర్చుని చూశారు, రాసుకున్నారు. బెట్టీ ఆ ప్రయాణాలన్నిటిలో తోడుండి, పనిలో సగం భారం మోశారు. ఊరి పటేల్ ఇంటి మనుషుల్లాగే వాళ్ళూ ఊళ్ళో కలిసిపోయారు. ఎవరి చేను ఎప్పుడు పోయింది, ఎవరు ఎంత లంచం ఇచ్చారు, ఎవరికి పట్టా లేదు అన్నది ఊరూరా తిరిగి అడిగి తెలుసుకున్నారు. సర్కారుకు ఇచ్చిన నివేదికల్లో అధికారుల తప్పులను దాచలేదు. చెంచులు, కొండరెడ్లు, కోయలు, గోండుల గురించి రాసిన ఆ నివేదికలు 1945లో పుస్తకంగా అచ్చయ్యాయి. అదే రోజుల్లో సర్కారు ఆయనను గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించింది.

ఆ నివేదికలతో కదిలిన పనుల్లో మొదటిది భూమి. ఉట్నూరు ప్రాంతంలో సేతుమాధవరావు వంటి అధికారులు ఊళ్ళు తిరిగి, సాగులో ఉన్న చేన్లకు ఆదివాసుల పేరిట పట్టాలు ఇచ్చారు. వేల కుటుంబాలకు భూమి మీద కాగితం చేతికొచ్చింది. మా చిన్నప్పుడు ఇళ్ళల్లో ఆ కాగితాలను రేకు డబ్బాలో పెట్టి, దూలం మీద దాచడం చూశాం. పండుగనాడు తీసి దుమ్ము దులిపేవాళ్ళే కానీ, అందులో ఏముందో చదవగలిగిన వాళ్ళు ఇంట్లో ఉండేవాళ్ళు కాదు. తర్వాత, గిరిజన ప్రాంతాల్లో మన భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా 1940ల చివరిలో హైదరాబాద్ సంస్థానంలో చట్టాలూ వచ్చాయి.

రెండోది చదువు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఇది అన్నిటికంటే దగ్గరి విషయం. 1943లో మార్లవాయిలో ఆయన చొరవతో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. మైదానం నుంచి మాస్టార్లను తేలేదు. కాస్తో కూస్తో మరాఠీ అక్షరాలు వచ్చిన గోండు యువకులను వెదికి పట్టుకుని, వాళ్ళకే పాఠం చెప్పడం నేర్పారు. గోండి భాషను దేవనాగరి లిపిలో రాసి వాచకాలు తయారు చేశారు. మన కథలు, మన పంటలు, మన పండుగలే అందులో పాఠాలు. అక్కడ శిక్షణ పొందిన వాళ్ళు ఊళ్ళకు పోయి బడులు నడిపారు. ముందుముందు ఆ కేంద్రంలో చదివిన వాళ్ళు పట్వారీ, ఫారెస్టు గార్డు వంటి కొలువుల్లోకీ పోయారు. నిన్నటి దాకా ఏ కాగితం చూసి భయపడ్డారో, ఆ కాగితాన్ని మన వాళ్ళే రాసే రోజు వచ్చింది.

ఇది ఎంత పెద్ద సంగతో అర్థం కావాలంటే మా హాస్టల్‌కు జూన్ నెలలో రావాలి. కొన్నేళ్ళ కింద మూడో తరగతిలో చేరిన ఒక పాప రాత్రిపూట లేచి ఏర్ కావాలని అడిగింది. గోండిలో ఏర్ అంటే మంచినీళ్ళు. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆమెకు గోండి రాదు. పాప చీకట్లో ఏరుకు పోతానంటోందనుకుని గద్దించి పడుకోబెట్టింది. తెల్లవారి విషయం తెలిసి మేమంతా బాధపడ్డాం, ఆమె అయితే ఏడ్చేసింది. తప్పు ఆమెది కాదు. పిల్ల భాష తెలిసిన మనిషి పిల్ల దగ్గర ఉండాలన్న మాటను మనం అందరం మరచిపోయాం. మార్లవాయి కేంద్రం ఎనభై ఏళ్ళ కిందటే ఆ మాటను ఆచరణలో పెట్టింది.

మూడోది దర్బార్. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు నాగోబాకు చేసే జాతరకు నలుమూలల నుంచి ఆదివాసులు వస్తారు. అధికారుల చుట్టూ మన వాళ్ళు తిరగడం కాదు, మన వాళ్ళు కూడిన చోటికే అధికారులు రావాలన్న ఆలోచనతో 1940ల్లో ఆ జాతరలో ప్రజా దర్బార్ మొదలైంది. దానికి కారకుడు హైమన్‌డార్ఫే. భూమి, నీళ్ళు, బడి, వైద్యం, రోడ్డు, ఏ కష్టమైనా అక్కడ పెద్దాఫీసర్ ముందు నిలబడి చెప్పవచ్చు. ఈనాటికీ కలెక్టర్, ఐటీడీఏ అధికారులు ఆ దర్బార్‌కు వస్తున్నారు.

తర్వాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. నేపాల్ షేర్పాల మధ్య చాలాకాలం పనిచేశారు. మన ప్రాంతాన్ని మాత్రం మరువలేదు. 1970లలో బెట్టీతో కలిసి మళ్ళీ ఆదిలాబాద్ ఊళ్ళు తిరిగారు. అక్కడ చూసింది ఆయనను కలచివేసింది. తన కళ్ళముందు పట్టాలు అందుకున్న కుటుంబాల్లో చాలామంది చేతిలో భూమి లేదు. అప్పుల కింద, కౌలు పేరుతో, దొంగ కాగితాలతో అది చేజారింది. 1959 భూ బదలాయింపు నిబంధనలను 1970లో మరింత గట్టిగా సవరించినా, వాటిని అమలు చేయించుకునే బలం మన దగ్గర లేకపోయింది. గోండి వాచకాలు ఎప్పుడో మూలపడ్డాయి. బడి భాష మరాఠీ, తెలుగు అయిపోయింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన మన వాళ్ళ మీద పోలీసు కాల్పులు జరిగాయి. మరుసటి ఏడాది వచ్చిన ఆయన పుస్తకంలో భారత గిరిజనులు బతుకు కోసం చేస్తున్న పెనుగులాట అంతా ఉంది.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్‌లో లండన్‌లో చనిపోయారు. 2012లో ఆయన అస్థికలు మార్లవాయికి వచ్చి, భార్య పక్కన చేరాయి.

ఆయన కథలో గెలుపు ఎంత ఉందో ఓటమి అంత ఉంది. పట్టా ఇప్పించారు, దాన్ని కాపాడుకోవడం మన వల్ల కాలేదు. వాచకం రాయించారు, దాన్ని అచ్చులో నిలుపుకోలేకపోయాం. దర్బార్ మాత్రం నిలిచింది. ఎందుకని మేము చాలాసార్లు మాట్లాడుకున్నాం. పట్టా, వాచకం రెండూ సర్కారు చేతి మీదుగా వచ్చాయి, సర్కారు పట్టించుకోని రోజున పోయాయి. దర్బార్‌ను మాత్రం మెస్రం పెద్దలు, జాతరకు వచ్చే వేలమంది ఏటేటా పట్టుకుని నడిపించారు. మనం వదలనిదే మనకు మిగిలింది.

అందుకే జాతర నెల వచ్చిందంటే మా హాస్టల్‌లో పదో తరగతి పిల్లలకు రాత్రి చదువు గంటలో అర్జీ రాయడం నేర్పుతాం. ఊరి పేరు, తేదీ, ఏం కావాలో ఒక్క విషయం, అది ఎంతమందికి అవసరమో లెక్క, కింద సంతకాలు. ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి, ఇచ్చిన అర్జీకి రసీదు అడగాలి, నెల తిరగగానే ఏమైందో పోయి కనుక్కోవాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు దూలం మీది రేకు డబ్బా దింపి, అందులోని కాగితం అమ్మానాన్నలకు చదివి వినిపించి రమ్మంటాం. చిన్న పిల్లలకు పాఠం ముందు గోండిలో చెప్పి, తర్వాత తెలుగులో చెప్పమని పెద్ద పిల్లలకు అప్పగిస్తాం.

ఈసారి మార్లవాయిలో ఎవరైనా పిల్లలు ఆయన మనకు ఏమవుతారని అడిగితే, మన ఊరి బడికి మన వాళ్ళనే పంతుళ్ళను చేసిన మాస్టారని చెబుతాం. మిగతా పాఠం మనమే చెప్పుకోవాలి.

జోహార్ కుమ్రం భీం. జోహార్ హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్.