నెత్తురు మరిగిన మృగాల వెంట: కెన్నెత్ ఆండర్సన్ జీవితం

వేట అనగానే చాలమందికి కొమ్ములు తిరిగిన దుప్పి, పొదలోనుండి దూసుకువచ్చే అడవిపంది జ్ఞాపకం వస్తాయి. కాని దక్షిణ భారతదేశపు అడవులలో అన్నింటికంటె కఠినమైన వేట వాటిది కాదు, మనిషి మాంసం మరిగిన మృగానిది. అటువంటి మృగాల వెంట దశాబ్దాలపాటు తిరిగి, చివరకు తుపాకి పక్కన పెట్టి కెమెరా చేతబట్టిన వ్యక్తి కెన్నెత్ ఆండర్సన్. ఆయన తిరిగిన అడవులు ఎక్కడివో దూరపువి కావు. హోసూరు, డెంకణికోట, జవళగిరి, పెన్నాగరం, ఆంధ్ర ప్రాంతాన చామల లోయ, కర్ణాటకలో అరసీకెరె. ఇవన్నీ సరిహద్దు తెలుగువారికి సంతలకు, తిరునాళ్లకు, చుట్టరికాలకు తెలిసిన దారులే. అందువలన ఆయన జీవితం మన ప్రాంతపు చరిత్రలో ఒక భాగం.

ఆండర్సన్ 1910 మార్చి 8వ తేదీన సికింద్రాబాదు సమీపంలోని బొల్లారంలో జన్మించారు. స్కాట్లండు మూలాలు గల ఆ కుటుంబం కొన్ని తరాలుగా మన దేశంలోనే స్థిరపడి ఉండేది. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూచే శాఖలో అధికారి. బాలుడు బెంగళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలోను, తరువాత సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదువుకున్నాడు. న్యాయశాస్త్రం చదవమని పెద్దలు ఎడింబరోకు పంపితే, ఆ చదువు మధ్యలోనే విడిచి తిరిగి వచ్చేశాడు. పుట్టిన గడ్డ మీది మమకారం, అందునా ఇక్కడి అడవుల మీది మమకారం, పట్టాకంటె బలమైనదయింది.

ఆయన వేటను వృత్తిగా చేసికొన్న మనిషి కాడు. పదిహేనేండ్లు తంతి తపాలా శాఖలో పనిచేశారు. ఆ పిమ్మట బెంగళూరు విమానాల కర్మాగారంలో ప్రణాళికా విభాగం బాధ్యత వహించారు. వారమంతా ఉద్యోగం, సెలవు దొరికితే అడవి, ఇదీ ఆయన జీవన విధానం. స్టూడిబేకర్ కారు, 405 బోరు వించెస్టర్ రైఫిల్, ఒక టార్చిలైటు ఆయన సరంజామాలో ముఖ్యమైనవి. కన్నడం, తమిళం ధారాళంగా మాట్లాడేవారు. పల్లెలో అడుగుపెట్టగానే పశువుల కాపరితోను, కట్టెలు కొట్టేవాడితోను నేరుగా కూర్చుని విషయం కనుగొనగలగడం ఆయనకు రైఫిలు కన్న ఎక్కువ అక్కరకు వచ్చింది.

నరభక్షక మృగం వేట ఎందుకంత కఠినమో ముందు తెలిసికోవాలి. మామూలు పులి మనిషి అలికిడి వింటే తప్పుకుని పోతుంది. అది పశువును చంపితే ఆ కళేబరం దగ్గరకు మరల వస్తుంది గనుక దాపున మంచె కట్టి కాచుకోవచ్చు. మనిషిని తిన మరిగిన పులి అలా కాదు. మనిషి నడక, మాట, నిద్ర, భయం అన్నీ దానికి తెలిసిపోతాయి. ఈ రాత్రి ఒక ఊళ్లో చంపి, మరునాటికి క్రోసుల దూరం సాగిపోతుంది. చంపిన చోటికి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఆ శవాన్ని దహనానికి తీసుకుపోకుండా ఎరగా ఉంచమని కన్నవారిని అడగడం ఎంతటి గుండెగలవాడికైనా కష్టం. ఇక వేటగాడు దానిని వెదుకుతున్నంతసేపు అది వేటగాడిని వెదుకుతూ ఉంటుంది. ఎవరు వేటగాడో, ఎవరు వేటో చివరి క్షణం వరకు తేలదు.

పెద్దపులికన్న చిరుతది మరింత చిక్కు. ఒళ్లు చిన్నది గనుక మోకాలెత్తు పొదలోనైనా దాగుతుంది. చెట్టెక్కుతుంది, గోడ దూకుతుంది, ఊరిలోని కుక్కల కోసం మేకల కోసం ఇండ్ల మధ్యకే రావడం దానికి అలవాటు. అటువంటిది మనిషికి ఎగబడితే పూరింటి తలుపు గాని తడిక గాని దానిని ఆపలేవు. డెంకణికోట అడవుల ప్రాంతంలోని గుమ్మళాపురం చుట్టుపట్ల జరిగినది అదే. ఆ ఒక్క చిరుతకు 42 మంది బలి అయినట్లు ఆండర్సన్ వ్రాశారు. పొద్దు వాలేసరికి ఊళ్లన్నీ తలుపులు బిగించుకునేవి. కాలకృత్యాలకు కూడ వెలుపలికి రావడానికి జనం సాహసించలేదు. చివరకు ఒక రాత్రి ఆండర్సన్ కాచుకున్న చోటనే అది చిక్కింది. ఆ అపాయాన్ని ఆయనకంటె ముందుగా పసిగట్టినది, ఆయన చేరదీసిన ఒక ఊరకుక్క. ఆ కృతజ్ఞతతో దానిని తన ఇంటి కుక్కగా చేసికొన్నారు.

చిరుత చచ్చిన తరువాత దాని పాదం పరీక్షించి చూడగా, మెత్తల నడుమ రెండు ఏదుపంది ముళ్లు దిగి, లోపలనే విరిగిపోయి కనిపించాయి. ఎముకలు కూడ దెబ్బతిని ఉన్నాయి. పరుగెత్తే జింకను పట్టలేని ఆ కుంటి కాలితో దానికి అందుబాటులో ఉన్నది మనిషి ఒక్కడే. ఊళ్లవారు దయ్యమని నమ్మినది ఒక గాయపడిన జంతువని ఆ ముళ్లు చెప్పాయి.

ఏదు ముల్లు దైవికం అనుకుందాం. జవళగిరి ఆడపులి కథలో దోషం పూర్తిగా మనిషిదే. దాని జంట అయిన మగపులిని వేటగాళ్లు కాల్చి చంపారు. ఆడపులి జతకోసం అరుస్తూ ఆ దారుల వెంట తిరిగింది. అప్పుడు దానిమీద కూడ గుండు పేలింది గాని ప్రాణం తీయలేదు, గాయపరచి వదిలింది. అప్పటినుండి అది మనుషులను పట్టసాగింది. ఎన్ని ఉపాయాలకూ చిక్కని ఆ పులిని ఆండర్సన్ చివరకు మగపులి అరుపును అనుకరించి పిలిచి చంపారు. చనిపోయిన జంట గొంతు విన్నాననుకుని అది ఎదుటకు వచ్చింది. ఊరు గండం నుండి బయటపడింది. కాని ఆ గెలుపును వివరించే చోట ఆయన రాతలో గర్వంకన్న జాలి ఎక్కువగా కనిపిస్తుంది.

ఆంధ్ర ప్రాంతంలో ఆయన వేటకు ముఖ్యరంగం తిరుపతి కొండల పడమటి వైపున ఉన్న చామల లోయ. రంగంపేట, నాగపట్ల, పులిబోను వంటి పేర్లు ఆ కథలో వస్తాయి. రేణిగుంటకు ఉత్తరంగా రైలుమార్గం మీద ఉన్న మామండూరు అడవిని కూడ ఆయన ఎంతో ఇష్టపడ్డారు.

పులి, చిరుతలే గాక మరి రెండు జంతువులు కూడ వేటగాడికి గట్టి పరీక్ష పెట్టేవి. ఒకటి మంద విడిచిన ఒంటరి ఏనుగు. అంత పెద్ద ఒంట్లో గుండు తగలవలసిన స్థానం బహు చిన్నది. అది తప్పితే రెండవ అవకాశం దొరకడం అరుదు. పెన్నాగరం వైపు పనపట్టి ప్రాంతంలో మనుషులను చంపిన ఒక ఒంటరి ఏనుగు కథ ఆయన మొదటి పుస్తకంలోనే ఉంది. రెండవది ఎలుగుబంటి. దానికి చూపు మందం. దగ్గరకు వచ్చేవరకు మనిషిని గమనించదు, గమనించిన మరుక్షణం బెదరి మీదపడుతుంది, పంజా ముఖం మీదనే వేస్తుంది. అరసీకెరె సమీపపు కొండలలో ఒక ఎలుగు పన్నెండు మందిని చంపి, మరి ఇరవై మందికి పైగా గాయపరచింది. బ్రతికినవారిలో పలువురు కన్నో ముక్కో పోగొట్టుకున్నారు. చనిపోయినవారిలో ఒకరు, ఆండర్సన్‌కు పరిచయస్తుడైన ఒక దర్గా సంరక్షకుని కొడుకు. ఆ తండ్రి మొర విని ఆయన బయలుదేరారు. ఒకటి రెండు పర్యాయాలు వట్టి చేతులతో తిరిగివచ్చి గాని దానిని చంపలేకపోయారు.

ఇంతటి వేటగాడికి గురువులెవరు? కళాశాలలు కావు. పెన్నాగరం అడవులలో, చిన్నారు ఏటి గట్టున తవ్వుకున్న గుంటలో కాపురముండే బైర అనే పూజారి తెగ మనిషి ఆయనకు అడవి విద్య నేర్పినవారిలో ప్రథముడు. మొదటిసారి కలిసినప్పుడు బైర పాత నాటు తుపాకితో దొంగవేట చేస్తున్న మనిషి. అతనిని అధికారులకు పట్టించవలసిన ఆండర్సన్ స్నేహం కలుపుకున్నారు. అక్షరం ముక్క రాని బైర, నేలమీది జాడను చూచి ఏ జంతువు ఎప్పుడు పోయిందో చెప్పగలిగేవాడు. తన ప్రాణం ఎన్నోసార్లు ఈ మిత్రుని కన్నూ చెవీ మీద ఆధారపడిందని ఆండర్సన్ దాచలేదు. వేట పుస్తకాలలో స్థానికులు సాధారణంగా పేరులేని కూలీలుగా ఉండే కాలంలో, ఆయన బైరకూ రంగకూ పేరిచ్చి, మాట ఇచ్చి, తన పక్కన కూర్చోబెట్టారు.

1947లో స్వాతంత్య్రం రాగానే ఎన్నో ఆంగ్ల కుటుంబాలు ఓడలెక్కి వెళ్లిపోయాయి. ఆండర్సన్ వెళ్లలేదు. 1954లో ఆయన తొలి పుస్తకం వెలువడింది. తొమ్మిది నరభక్షకాల కథలతో పాటు పనపట్టి ఏనుగు కథ ఉన్న గ్రంథమిది. 1957, 1959, 1961, 1964, 1967, 1970 సంవత్సరాలలో మరి కొన్ని వేట గ్రంథాలు వచ్చాయి. ఆఖరుది ఆయన మరణానంతరం 1976లో వెలువడింది. కన్నడ రచయిత పూర్ణచంద్ర తేజస్వి ఈ కథలను కన్నడంలోకి తెచ్చిన తరువాత అవి కర్ణాటక పల్లెల వరకూ చేరాయి.

1939 నుండి 1966 వరకు ఆయన చంపినట్లు లెక్కకు వచ్చిన నరభక్షకాలు ఎనిమిది చిరుతలు, ఏడు పెద్దపులులు. ఈ కథలలో చాల భాగానికి ఆయన తప్ప వేరు సాక్షి లేడు గనుక, కొన్ని వివరాలను అనుమానించినవారూ ఉన్నారు. అయినప్పటికీ ఆ ఊళ్లు ఉన్నాయి, ఆ ఏర్లు ఉన్నాయి, ఆ అడవి దారులు ఆయన వ్రాసిన దిక్కుకే పోతాయి.

తన కళ్లెదుటనే అడవి ఖాళీ అవుతున్న సంగతి ఆయనను కలచివేసింది. రాత్రివేళ మోటారు బండ్ల దీపాల వెలుగులో కళ్లు చెదరి నిలిచిపోయిన జంతువులను కాల్చేవారిని ఆయన వేటగాళ్లుగా గుర్తించలేదు. పులి తినగా మిగిలిన కళేబరాలమీద పురుగులమందు చల్లి పులులను మట్టుపెట్టే పద్ధతిని గట్టిగా ఖండించారు. తుపాకి కన్న ముందుగా విషం పులిని అంతం చేస్తుందన్న భయం ఆయన చివరి రచనలలో ఉంది. వయసు పైబడిన తరువాత ఆయన అడవికి కెమెరాతో పోయేవారు. ఒక్కొక్కసారి ఆయుధం లేకుండా ఒంటరిగా పోయి చెట్టు కింద కూర్చునేవారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో పులుల రక్షణ పథకం ప్రారంభమయింది. ఆ మరుసటి సంవత్సరం, 1974 ఆగస్టు 30వ తేదీన, క్యాన్సర్ వ్యాధితో ఆండర్సన్ బెంగళూరులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 64 సంవత్సరాలు. ఒక యుగపు వేట, ఆ యుగపు వేటగాడు దాదాపు ఒకేసారి ముగిసిపోయారు.

ఆయన తిరిగిన చామల లోయ అడవులు 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో చేరాయి. జవళగిరి, అంచెట్టి అడవులు 2022లో ప్రకటించిన కావేరి దక్షిణ అభయారణ్యంలో ఉన్నాయి. నేడు మనిషిని చంపిన పులినైనా ఎవరికి తోచినట్లు వారు కాల్చరాదు. బోనుకు గాని మత్తుమందుకు గాని లొంగనప్పుడు మాత్రమే, అదీ రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతితో మాత్రమే, చంపవలసి ఉంటుంది.

మన పొలాల గట్లకు అడవి ఇప్పటికీ ఆనుకునే ఉంది. రాగిచేలకు ఏనుగులు వస్తూనే ఉన్నాయి, మేకల కొట్టాలకు చిరుతలు వస్తూనే ఉన్నాయి. ఒక్క రాత్రిలో ఏడాది కష్టం తొక్కుడైపోయిన రైతు బాధ చిన్నది కాదు. పరిహారం కోసం తిరిగే తిరుగుడూ చిన్నది కాదు. అయితే అడవిపందుల కోసం కంచెకు కట్టే తీగ ఉచ్చులో చిరుత కాలు పడిన సంఘటనలు మూడు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. ఉచ్చు తెంపుకుని కుంటుతూ పోయిన చిరుతకూ, ఏదు ముళ్లతో కుంటిన గుమ్మళాపురం చిరుతకూ భేదమేమిటి? జీవితమంతా అత్యంత కఠినమైన వేట చేసిన మనిషి తేల్చినది ఇదే: నరభక్షకం చాలవరకు అడవిలో పుట్టదు, గాయంలో పుడుతుంది. ఆ గాయాలలో చాల వాటికి కారణం మనిషి చేయి. గుండు పేల్చడం ఆయన పని అయింది. ఆ అవసరం మరల రాకుండ చూచుకోవడం మన గట్టు మీద, మన తీగ దగ్గర మొదలవుతుంది.